మూడు గుడ్డలు, ఒక ఆకుపచ్చ దారం: పిండం పొరల ప్రాజెక్టు డైరీ

నవంబర్ 26

పిండంలో మొదట ఏర్పడే పొరలు మూడు, ఒంట్లో ప్రతి భాగమూ వాటి నుంచే. బహిస్త్వచం (పైపొర) నుంచి చర్మం, నాడీవ్యవస్థ. మధ్యస్త్వచం నుంచి కండరాలు, ఎముకలు, గుండె, రక్తం, మూత్రపిండాలు. అంతస్త్వచం నుంచి జీర్ణనాళం లోపలి పొర, కాలేయం, క్లోమం, ఊపిరితిత్తుల లోపలి పొర. మా బైపీసీ పిల్లలు ఈ పట్టికను ఎక్కాల్లాగా గడగడా అప్పజెప్పేస్తారు. ఇవాళ కూడా అప్పజెప్పారు. అయ్యాక చివరి బెంచీ పిల్ల లేచి, "టీచర్, చర్మం ఒంటి మీద ఉంటుంది, మెదడు పుర్రెలో ఉంటుంది కదా. రెండూ ఒకే పొర ఎలా అయ్యాయి?" అని అడిగింది.

బోర్డు మీద గీసి చెప్పాను. తలూపింది కానీ అర్థమైన ముఖం కాదు. ఇన్నేళ్లూ పట్టికే చెప్పుకుంటూ వచ్చాను, పొర ఎలా మడత పడుతుందో చూపించలేదు. సంక్రాంతి సెలవుల్లోపు చూపించాలని సాయంత్రం ఇంటికొస్తూ నిర్ణయించుకున్నాను. పనులు రెండు. నాటుకోడి గుడ్లు పొదిగించి, గంటల లెక్కన తెరిచి పొరలను కళ్లతో చూడటం ఒకటి. అదే సంగతిని గుడ్డతో కుట్టి, చేత్తో తిప్పి చూసుకునేలా మోడల్ చేయడం రెండోది.

నవంబర్ 29

శ్రీకాకుళం వెళ్లి సామాన్లు తెచ్చాను. చేపలవాళ్లు వాడే థర్మాకోల్ పెట్టె, 40 వాట్ల బల్బు, డిజిటల్ థర్మోస్టాట్, పాత కంప్యూటర్‌లోంచి తీసిన ఫ్యాన్. నీళ్ల గిన్నె ఇంట్లోదే.

గుడ్లకి ఊళ్లో మామ్మ దగ్గరికి వెళ్లాను. షాపు గుడ్లు పనికిరావు, ఫారాల్లో పెట్టలతో పుంజుల్ని ఉంచరు కనక వాటిలో పిండం ఉండదు. మామ్మ పెరట్లో పుంజు ఉంది. ఆవిడ గుడ్లు ఊక తట్టలో దాస్తుంది. "పొదిగే పెట్ట ఉండగా ఈ పెట్టెలెందుకమ్మా?" అంది. కొన్ని తెరిచి చూస్తామని, మిగిలినవాటిని పిల్లలు చేయిస్తామని ఉన్నమాట చెప్పాను. కాసేపు ఆలోచించి, పుట్టిన పిల్లల్లో సగం తనకివ్వాలని పాలు మాట్లాడుకుని పది గుడ్లిచ్చింది.

డిసెంబర్ 4

పదీ పోయాయి.

30న పెట్టాను. థర్మోస్టాట్ 37.5 డిగ్రీలు చూపిస్తూనే ఉంది. నిన్న రాత్రి గది చీకటి చేసి టార్చి మీద పెట్టి చూస్తే, సాలెగూడులా రక్తనాళాలు కనపడాల్సిన చోట ఎర్రటి ఉంగరం ఒక్కటే ఉంది. పిండం చచ్చిపోయాక రక్తం అంచుకి జారి అలా వలయంలా నిలుస్తుంది. మూడు తెరిచి చూశాను, అన్నిటిలోనూ అదే.

కారణం వెతికితే తప్పు నాదే. సెన్సర్‌ని నీళ్ల గిన్నె పక్కన వేలాడదీశాను. అక్కడ గాలి చల్లగా ఉండటంతో బల్బు ఆరకుండా వెలుగుతూనే ఉంది. గుడ్ల మధ్య జ్వరం చూసే థర్మామీటర్ పెడితే 103 ఫారెన్‌హీట్ దాటింది. ఉండాల్సింది వందకి కాస్త అటూ ఇటూ. అన్నం సయించలేదు. మామ్మకి ఏం చెప్పాలో తెలియలేదు. పొద్దున వెళ్లి జరిగింది చెప్పాను. "పెట్టకీ పోతాయమ్మా ఒకోపాలి" అని ఇంకో ఇరవై నాలుగు ఇస్తానంది, కాకపోతే వారం ఆగమంది. గుడ్డు పెట్టిన వారంలోపే వాడుకోవాలి కనక ఆగడమే మంచిది.

డిసెంబర్ 8

ఆదివారం. గుడ్లు వచ్చేలోపు ఇంకో పని. మా ఇంట్లో బోటి వండుతారు. కడిగేముందు ఒక జానెడు ముక్క తీసుకుని, ప్రాజెక్టు పిల్లలు నలుగురినీ ఇంటికి రమ్మన్నాను.

పేగుని చొక్కా చేయి తిప్పినట్టు లోపలిది బయటికి తిప్పాం. లోపలి వైపు మఖమల్ గుడ్డలా మెత్తగా ఉంది. చెంచా అంచుతో గీస్తే జిగురుగా ఊడి వచ్చింది. దాని పైపొర కణాలు అంతస్త్వచం నుంచి వచ్చినవి. గీకాక మిగిలిన తెల్లటి గట్టి గొట్టం మధ్యస్త్వచం, అంటే కండరం, దాన్ని కట్టి ఉంచే కణజాలం. బయట మెరిసే పల్చటి పొర కూడా మధ్యస్త్వచమే. ఆ కండరాన్ని నడిపే నాడులు మన కంటికి కనపడవు కానీ వాటి మధ్యలోనే ఉంటాయి. అవి ఇంకో చోటి నుంచి నడిచి వచ్చినవి. ఆ మాట ఇప్పుడే చెప్పలేదు, దాచుకున్నాను.

"అయితే పేగు ఏ పొర టీచర్, పరీక్షలో ఏం రాయాలి?" అన్నాడు ఒక కుర్రాడు. పరీక్షకి 'లోపలి పొర అంతస్త్వచం' అని రాస్తే చాలు. కానీ జానెడు పేగు కూడా ఒక్క పొరతో తయారు కాలేదని చేతికి జిగురంటాక వాడికి చెప్పక్కర్లేకపోయింది. చర్మమూ అంతే. పైపొర బహిస్త్వచం, దాని కిందిది చాలామటుకు మధ్యస్త్వచం. మేకతోలుతో డప్పు కడతారే, ఆ గట్టిదనమంతా కింది పొరదే.

కార్జం కూడా ఉంది కానీ దాని గురించి ఎక్కువ మాట్లాడలేదు. కూరకి ఆలస్యమవుతోందని అమ్మ కేకలేసింది.

డిసెంబర్ 11

మొదటి పొరలు ఎలా ఏర్పడతాయో బొమ్మలో చెప్తే పిల్లలకి పట్టడం లేదు, అందుకని గ్రౌండ్‌లో ఆడించాను.

ముందు అసలు విషయం. గుడ్డు పెట్టే వేళకే పచ్చసొన మీద ఆ తెల్లటి చుక్కలో వేల కణాలు ఉంటాయి. రెండు పల్చటి పొరలుగా ఉంటాయవి. చాలామంది పిల్లలు, కొందరు టీచర్లు కూడా, పైది బహిస్త్వచమని, కిందిది అంతస్త్వచమని, మధ్యలోకి మూడోది వచ్చి చేరుతుందని అనుకుంటారు. కాదు. కోడిపిల్ల శరీరమంతా పైపొర నుంచే వస్తుంది. కింది పొర దారి చూపించి పక్కకి తప్పుకుంటుంది. పైపొర కణాలు మధ్యగీత వైపు కదిలి, ఆ గీతలో మునిగి కిందికి దిగుతాయి. ముందు దిగినవి కింది పొరను పక్కకి నెట్టి అంతస్త్వచం అవుతాయి. తర్వాత దిగినవి నడుమ పరుచుకుని మధ్యస్త్వచం అవుతాయి. దిగకుండా పైన మిగిలినవే బహిస్త్వచం.

నలభై మంది పిల్లల్ని గ్రౌండ్‌లో రెండు వైపులా నిలబెట్టి, మధ్యలో నడుమెత్తున తాడు కట్టాను. మొదట వచ్చిన పదిమంది తాడు కింద దూరి నేల మీద పడుకోవాలి, తర్వాతి పదిహేనుమంది దూరి మోకాళ్ల మీద కూర్చోవాలి, మిగిలినవాళ్లు నిలబడే ఉండాలి. పడుకున్నవాళ్లకి పసుపు రిబ్బను, కూర్చున్నవాళ్లకి ఎరుపు, నిలబడ్డవాళ్లకి నీలం. ఈ మూడు రంగులూ పిండశాస్త్రం పుస్తకాల్లో వాడుకలో ఉన్నవే. రెండోసారి ఆడినప్పుడు, ఇందాక నిలబడ్డ పిల్ల ముందు దూరి పసుపు రిబ్బను కట్టించుకుంది. "నేను అదే మనిషిని కదా టీచర్, ఇప్పుడు పేగునైపోయానా?" అంది. ఎప్పుడు దిగావు, ఎక్కడ దిగావు అన్నదే నీ రంగు తేలుస్తుందని చెప్పాను.

డిసెంబర్ 15

మామ్మ మాట నిలబెట్టుకుంది. ఇరవై నాలుగు గుడ్లు. ఈసారి సెన్సర్ గుడ్ల మధ్యే, పక్కనే జ్వరం థర్మామీటర్. రెండు రోజులు ఖాళీ పెట్టె నడిపి 99.7 నుంచి 100 మధ్య నిలిచాకే గుడ్లు పెట్టాను.

అన్నీ ఒకేసారి పెట్టలేదు. 18వ తేదీ ఉదయం పదింటికి అన్ని దశలూ పక్కపక్కన చూపించాలని, ఇవాళ పదింటికి పన్నెండు, రేపు పదింటికి నాలుగు, రేపు రాత్రి పదింటికి నాలుగు, ఎల్లుండి పదింటికి నాలుగు పెట్టే లెక్క వేసుకున్నాను. అలా అయితే ఆ పూటకి 72, 48, 36, 24 గంటల పిండాలు చేతిలో ఉంటాయి. ఒక్కో గుడ్డు మీద పెన్సిల్‌తో వేళ రాసి, ఒక వైపు సున్నా, ఒక వైపు ఇంటూ గుర్తు పెట్టాను, తిప్పినప్పుడు తెలియడానికి.

72 గంటలు దాటినదేదీ తెరవకూడదని కూడా ఇవాళే అనుకున్నాం. అప్పటికి పిండానికి నొప్పి తెలిసేంత నాడీవ్యవస్థ ఏర్పడి ఉండదు. పిల్లలకి ఈ హద్దు ముందే చెప్పాను, ఎందుకో కూడా చెప్పాను.

డిసెంబర్ 17, రాత్రి

కరెంటు పోయి గంటన్నర. వేడినీళ్ల సీసాలు గుడ్డ చుట్టి పెట్టెలో పెట్టి, దుప్పటి కప్పి, పక్కనే కూర్చుని రాస్తున్నాను. 98.6కి దిగింది. బయట మంచు.

కోడిగుడ్డులో పొరలుంటాయని 1817లో మొదట వివరంగా రాసిన హైన్రిష్ క్రిస్టియన్ పాండర్ గుర్తొస్తున్నాడు. రీగా నుంచి జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌కి వచ్చిన కుర్రాడు, అప్పటికి వయసు పాతిక లోపే. గుడ్లకీ, బొమ్మలు చెక్కే చిత్రకారుడికీ చాలా ఖర్చయ్యే పని అది, అతనికి డబ్బుంది కనక సాగింది. అతని స్నేహితుడు కార్ల్ ఎర్నెస్ట్ ఫాన్ బేర్ ఆ పనిని అందుకుని మిగతా జంతువులకీ విస్తరించాడు, 1828లో పుస్తకం వేశాడు. ఏ పొర నుంచి ఏం వస్తుందో కణాల లెక్కలో తేల్చినవాడు ఆ తర్వాత వచ్చిన రాబర్ట్ రేమాక్. వాళ్లకి థర్మోస్టాట్ లేదు.

కరెంటు వచ్చింది. 12.40.

డిసెంబర్ 18

ఇవాళ్టిది తీరిగ్గా రాయాలి.

ఉప్పునీళ్లు ముందే చేసి పెట్టాం, లీటరుకి 9 గ్రాములు, గోరువెచ్చగా. గుడ్డుని పది నిమిషాలు అడ్డంగా పడుకోబెడితే పిండం పైకి తేలి వస్తుంది. గుడ్డుని గిన్నెలో నీళ్ల లోపలే పగలగొట్టాలి. వడపోత కాగితాన్ని ఉంగరంలా కత్తిరించి, పచ్చసొన మీద పిండం చుట్టూ ఆనించి, కాగితం బయటి అంచు వెంబడి కత్తెర నడిపితే పిండం కాగితానికి అంటుకుని వచ్చేస్తుంది. మొదటిది నేను చింపేశాను. రెండోది చివరి బెంచీ పిల్ల తీసింది. చెయ్యి వణకలేదు.

24 గంటలవి నాలుగింటిలో ఒకటి పుంజు తొక్కనిది. మిగతావాటిలో బేరిపండు ఆకారంలో పారదర్శకమైన చోటు, దాని నడుమ సన్నటి గీత. గ్రౌండ్‌లో తాడు కట్టిన చోటే అది. మైక్రోస్కోప్‌లో చూసిన కుర్రాడు ఎవరినీ దగ్గరికి రానివ్వకుండా రెండు నిమిషాలు అలాగే ఉండిపోయాడు.

36 గంటలది బల్ల మీద అందరికన్నా ఎక్కువసేపు ఉంది. నడుమ నాడీనాళం, అంటే మెదడు, వెన్నుపాము అవ్వబోయే గొట్టం. తల దగ్గర మూసుకుని ఉబ్బింది, తోక వైపు ఇంకా తెరిచే ఉంది. రెండు అంచులు పైకి లేచి ఒకదానివైపు ఒకటి వంగి ఉన్నాయి. దాని రెండు పక్కలా చిన్న చిన్న ఇటుకల్లాగా సోమైట్ల జతలు. లెక్కపెడితే పదకొండు. కోడి పిండంలో సుమారు గంటన్నరకి ఒక జత చొప్పున పుడతాయివి. వెన్నుపూసలు, వీపు కండరాలు, వీపు చర్మం కింది పొర వీటి నుంచే. కోడి పిండం ఎదుగుదలకి హాంబర్గర్, హామిల్టన్ 1951లో వేసిన 46 దశల పట్టికతో పోల్చి చూసుకున్నాం.

గుండె ఇంకా గుండెలా లేదు, ఒక వైపుకి ఉబ్బిన గొట్టం. ఉండుండి ఒకసారి వణికింది. తప్పు చూశానేమో అనుకున్నాను. మళ్లీ వణికింది. ఈ గొట్టం మొదట ఒక్కటి కాదు. మధ్యస్త్వచంలో కుడి పక్క ఒకటి, ఎడమ పక్క ఒకటి తయారై, కింద పసుపు పొర మడుచుకుని పేగు అవుతుండగా రెండూ నడిమికి వచ్చి కలిసిపోతాయి. వాటిని కలవనివ్వకుండా అడ్డుకుంటే పిండంలో రెండు గుండెలు విడివిడిగా కొట్టుకుంటాయని ప్రయోగాల్లో తేలింది. పక్క పొర మడుచుకుంటేనే ఈ పొరలోంచి గుండె ఒక్కటవుతుంది. పిల్లలు అప్పజెప్పే పట్టికలో దీనికి గడి లేదు.

72 గంటలది తెరిచేసరికి ఎవరూ మాట్లాడలేదు. ఎర్రటి రక్తనాళాల వల పచ్చసొన మీద పరుచుకుని ఉంది. నడుమ పిండం ఎడమవైపుకి ఒరిగి, ప్రశ్నార్థకంలా వంగి ఉంది. గుండె టకటకా కొట్టుకుంటోంది. రెక్కలకీ కాళ్లకీ చిన్న మొగ్గలు. తల కన్నా కన్నే పెద్దదనిపించింది. ఆ కన్ను దగ్గర ఆగి చెప్పాను. కంటి వెనక తెర మెదడులోంచి బయటికి ఉబ్బిన ముక్క. అది వెళ్లి చర్మపు పొరను తాకగానే, తాకిన చోట చర్మం గుంటపడి, విడివడి కటకం అవుతుంది. రెండూ నీలం రంగు పొరవే కానీ, వేరువేరు చోట్ల నుంచి వచ్చి ఎదురెదురుగా కూర్చున్నాయి.

72 గంటలవి మూడు తెరిచాం. తొమ్మిది పెట్టెలోనే ఉంచేశాం. తెరిచినవాటిని పిల్లలే స్కూలు వెనక మామిడి చెట్టు కింద పాతారు. నేను చెప్పలేదు.

డిసెంబర్ 23

నిన్న టార్చి వేసి చూస్తే రెండు గుడ్లు ఖాళీ. ఏడు మిగిలాయి.

గుడ్డ మోడల్ కోసం పొందూరులో టైలర్ బాబాయి దగ్గరికి వెళ్లాం. ఖద్దరు ముక్కలు మూడు నీలం, ఎరుపు, పసుపు అద్దించి ఉంచాను. వాలుగ చేప దవడతో పత్తి ఏకి దారం తీసే ఊరు కనక గుడ్డ గురించి ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. నాడీనాళం ఎలా మడవాలో బాబాయికి బొమ్మ గీసి చూపిస్తే, "లంగాకి బొందు ఎక్కించే పట్టీ లాంటిదే కదమ్మా" అన్నాడు. సరిగ్గా అదే. నీలం గుడ్డ నడుమ లోయలా లోపలికి మడిచి, రెండు అంచులూ పైన కలిపి కుడితే కింద గొట్టం మెదడు, వెన్నుపాము అవుతుంది. పైన మళ్లీ ఒక్కటైన గుడ్డ చర్మమవుతుంది. చివరి బెంచీ పిల్ల గుడ్డ మీద వేలు పెట్టి, లోయలోకి దింపి, మళ్లీ పైకి తీసి, "ఓ" అంది. నెల కిందటి ప్రశ్నకి జవాబు అక్కడ దొరికింది.

బాబాయి సూది పట్టుకుని ఆగాడు. "ఈ కలిపిన చోట కుట్టు కనపడతాది కదా. దారం ఏ రంగు వెయ్యమంటారు?"

ఆ ప్రశ్న కోసమే బోటి నాడు ఒక మాట దాచుకున్నాను. చర్మానికీ గొట్టానికీ మధ్య, సరిగ్గా ఆ కుట్టు దగ్గర ఉండే కణాలే నాడీశిఖ కణాలు. 1868లో విల్‌హెల్మ్ హిస్ కోడి పిండంలోనే వీటిని మొదట చూశాడు. అవి కుట్టులోంచి విడివడి ఒళ్లంతా నడుచుకుంటూ పోతాయి. చర్మానికి రంగునిచ్చే కణాలు, పేగుల్లోని నాడులు, పళ్లలో పింగాణీ కింద ఉండే భాగం, ముఖంలోని చాలా ఎముకలు అవే. ఫ్రాన్స్‌లో నికోల్ లె దువారిన్, కంజు పిట్ట కణాల కేంద్రకం కోడి కణాల కేంద్రకం కన్నా వేరుగా కనపడుతుందని గమనించి, కంజు ముక్కను కోడి పిండంలో అతికించి ఈ కణాలు ఎక్కడెక్కడికి వెళ్తాయో వెంబడించింది. నాలుగో పొర అన్నా తప్పులేదని కొందరంటారు.

"ఆకుపచ్చ వెయ్యండి" అన్నాను. కుట్టు నుంచి పొడుగ్గా దారాలు వదిలెయ్యమన్నాను. కొన్ని ముఖం వైపు, కొన్ని పేగు వైపు.

తోక వైపు నాలుగంగుళాలు కుట్టకుండా వదిలేయమని కూడా చెప్పాను. మనిషిలో ఈ గొట్టం గర్భం నిలిచిన 28 రోజుల్లోపే మూసుకుపోవాలి. అప్పటికి చాలామంది తల్లులకి గర్భమని కూడా తెలియదు. కింద మూసుకోకపోతే బిడ్డ వెన్నుపాము బయటపడి ఉంటుంది. ఫోలిక్ యాసిడ్ మాత్ర రోజుకి 400 మైక్రోగ్రాములు పిల్లల కోసం అనుకున్న నాటి నుంచే వేసుకోమనేది ఇందుకే. దీన్ని ఆడపిల్లలకి విడిగా కూర్చోబెట్టి చెప్తాను.

జనవరి 2

పద్దెనిమిదో రోజు. తిప్పడం ఆపేశాం, నీళ్ల గిన్నె ఇంకోటి పెట్టాం.

మోడల్ పూర్తయింది. ముఖం దగ్గర ఆకుపచ్చ దారాలు వదిలిన చోట, పై పెదవి ఎలా అతుక్కుంటుందో చూపించడానికి మూడు చిన్న నీలం ముక్కలు పెట్టాం. నడిమిది ముక్కు కింది నుంచి దిగుతుంది, రెండు పక్కలవీ బుగ్గల నుంచి వస్తాయి. లోపల నిండేది ఎక్కువగా ఆకుపచ్చ కణాలే. అవి కలవకపోతే పెదవి చీలి ఉంటుంది.

"గ్రహణం మొర్రి" అంది చివరి బెంచీ పిల్ల.

తర్వాత నెమ్మదిగా చెప్పింది. వాళ్ల తమ్ముడికి పుట్టుకతో పై పెదవి చీలి ఉండేదట, చిన్నప్పుడే ఆపరేషన్ చేయించారు. కడుపుతో ఉండగా గ్రహణం వేళ వాళ్లమ్మ కూరగాయలు కోసిందని నాన్నమ్మ ఇప్పటికీ అంటుందట. మోడల్ ఇంటికి తీసుకెళ్తానంది. ఇచ్చాను.

జనవరి 5

తెల్లవారుజామున మొదటి చప్పుడు. సాయంత్రానికి ఐదు పిల్లలు. రెండు గుడ్లు కదల్లేదు.

జనవరి 7

మామ్మకి మూడు కోడిపిల్లలు ఇచ్చాను. సగమంటే రెండున్నర కదా, ఆ అర ఆవిడకే.

మధ్యాహ్నం మోడల్ పట్టుకుని ఆ పిల్ల, వెంట వాళ్లమ్మ వచ్చారు. ఆవిడ బల్ల మీద గుడ్డ పరిచి, ముఖం దగ్గర మూడు ముక్కలూ వేళ్లతో దగ్గరికి జరిపింది. "ఇవి ఎప్పుడు కలుస్తాయి టీచరమ్మా?"

గర్భం నిలిచిన ఏడో వారంలోపే అయిపోతుందని, మన లెక్కలో మూడో నెల పడేసరికి పై పెదవి అతికి ఉంటుందని చెప్పాను. ఎందుకు అతకదనేదానికి చాలాసార్లు ఒక్క కారణమంటూ దొరకదని, వంశంలోంచి వచ్చేవీ ఇంకా ఎన్నో కలిసి జరుగుతుందని, గ్రహణానికీ కత్తిపీటకీ దానితో సంబంధం లేదని కూడా చెప్పాను.

ఆవిడ ముక్కల మీంచి చెయ్యి తియ్యలేదు. "గ్రహణం నాటికి నాకు ఐదో నెల" అంది. తర్వాత కూతురి వైపు తిరిగి, వేళ్ల మీద నెలలు మళ్లీ మొదటి నుంచి లెక్కపెట్టింది.